దారిరాయి చెప్పిన మాట

అనగనగా గుర్రాలతో పనిలేకుండా రథాలు పరుగెత్తే ఒక రాజ్యం ఉండేదట. పూర్వం ఆ రథాలకు సత్తువ అందాలంటే సారథి కిందికి దిగి, బరువైన తాడు ఈడ్చుకొచ్చి తగిలించాలి. వానాకాలంలో ఆ పని ప్రాణం తీసేది. తరువాత రాజుగారు దారి పొడవునా నల్లరాళ్లు పాతించారు. రథాన్ని రాయి మీద నిలిపితే చాలు, తాడూ లేదు, తంటా లేదు, సత్తువ దానంతట అదే ఎక్కేది.

ఆ రాజ్యంలో కుముదిని అనే సారథి ఉండేది. ఒకనాడు కొండ అవతలి తన ఊళ్లో విషజ్వరాలు సోకాయని, కూతురు కూడా మంచాన పడిందని ఆమెకు కబురొచ్చింది. రాజవైద్యుణ్ణి ఎక్కించుకుని ఆదరాబాదరాగా బయలుదేరింది.

మొదటి రాయి దగ్గర రథాన్ని అడ్డదిడ్డంగా ఆపింది.

"సరిగ్గా నిలిచిందా తల్లీ?" అన్నాడు వైద్యుడు.

"రాయి మీదే ఉంది కదయ్యా! తాళ్లు ఈడ్చే రోజులు పోయాయి" అంది కుముదిని.

రెండో రాయి దగ్గరా అదే తొందర. సత్తువ ఎంత ఎక్కిందో చెప్పే దీపం ఒకటి రథంలో ఉంటుంది. అది మిణుకు మిణుకుమంటున్నా ఆమె చూడలేదు. రథం నడక మందగించింది.

కొండ కింద మూడో రాయి దగ్గరికి వచ్చేసరికి దీపం ఆరిపోయేలా ఉంది. ఎంతసేపు నిలిపినా వెలుగు పెరగలేదు. కుముదిని దిగి రాయి మీద పడి ఏడ్చింది.

"నా బిడ్డ చచ్చిపోతుంది! ఎందుకివ్వవు?"

"ఇస్తూనే ఉన్నానమ్మా" అంది రాయి. "నీ రథం నాకు తిన్నగా లేదు. నేనిచ్చేదంతా గాలిపాలవుతోంది."

కుముదిని కళ్లు తుడుచుకుని, రథాన్ని జానెడు వెనక్కి జరిపింది. దీపం నిండుగా వెలిగింది.

ఊరు చేరేసరికి కూతురు కొన ఊపిరితో ఉంది. వైద్యుడి చేతి చలువ, బతికింది. పక్కింటి సోమన్న తాత మాత్రం అదే జ్వరంతో అంతకు కాసేపటి ముందే కన్నుమూశాడు.

సంగతి తెలిసి, ఆలస్యం ఎందుకయిందని రాజు కుముదినిని సభకు పిలిపించి అడిగాడు.

"ఆ రాళ్లు పనికిరావు ప్రభూ! పెకలించి, మళ్లీ తాళ్లే తెప్పిద్దాం" అన్నాడు మంత్రి.

ఊరుకుంటే నేరం రాళ్ల మీదికి పోయేది. కుముదిని ఊరుకోలేదు.

"రాళ్ల తప్పు లేదు మహారాజా. వంకరగా నిలిపింది నేను, చూసుకోనిది నేను. సోమన్న తాత ఉసురు నాకే తగలాలి."

రాజు ఆమెతో, "నిజం చెప్పి పదిమందికి మేలు చేసే రాళ్లను నిలబెట్టావు. ఇకపై సారథులకు రథం నిలపడం నువ్వే నేర్పు" అన్నాడు.

బతికినన్నాళ్లూ ఆమె సోమన్న తాత పేరు చెప్పాకే పాఠం మొదలుపెట్టేది.

చూశారా పిల్లలూ, సౌకర్యం మన చేతుల శ్రమ తగ్గిస్తుందే గాని, మన బదులు తాను జాగ్రత్త పడదు.