కొమురన్నతో తలపడని మొనగాళ్లు

ఎండలు ముదిరేసరికి రెండు గుట్టల నడుమ పారే వాగు ఉట్టి ఇసుక అయిపోయేది. ఇసుకలో ఊరే ఒక్క చెలమలో తప్ప ఎక్కడా చుక్క నీరు దొరికేది కాదు. మూడు గొర్రెల మందలకూ ఆ చెలమే దిక్కు. ముందు తాగిన మందకు తేట నీళ్లు, చివర తాగిన మందకు బురద. మొనగాడైన పొట్టేలు ఏ మందలో ఉంటే ఆ మంద ముందు తాగాలని కట్టుబాటు.

కొమురన్న అనే పొట్టేలున్న మంద చివర తాగేది. విడ్డూరం ఏమిటంటే, కొమురన్న ఇంతవరకూ ఎవరి చేతిలోనూ ఓడలేదు. నల్లని ఒళ్లు, చెవుల చుట్టూ మెలి తిరిగిన కొమ్ములు. తల వంచి ఉరికాడంటే ఎదుటివాడు సగం దూరంలోనే దారి మార్చుకునేవాడు. కానీ అతని మీదికి వచ్చిందల్లా కొమ్ములు సరిగా రాని కుర్ర పొట్టేళ్లు, దారి తప్పిన మేకపోతులు, ఒకసారైతే పాపం ఒక దున్నపిల్ల. పేరున్న పొట్టేళ్లు ఇద్దరే: తూర్పు మంద సాంబడు, పడమటి మంద రాజలింగు. ఆ ఇద్దరూ అతని ముందు బరిలో నిలబడిందే లేదు.

పోటీలకు తీర్పరి గుర్వయ్య అనే నక్క. కాపరులు వదిలేసిన సద్దిమూటలు ఆ రెండు మందల వాళ్లూ గుర్వయ్య కోసమే దాచి ఉంచేవారు.

"మామా, ఈ ఎండాకాలమన్నా సాంబన్నతోని నాకు పోటీ పెట్టు" అని కొమురన్న ప్రతి ఏడూ అడిగేవాడు.

"సాంబనికి కొమ్ము నొప్పి, అల్లుడా."

"మరి రాజలింగు?"

"మొన్ననే ఉన్ని కత్తిరించిండ్రు. నలుగురిలకు రావాల్నంటే సిగ్గుపడుతుండు."

"ఉన్ని పెరిగినంక పెట్టు."

"చూడు అల్లుడా, పెద్దోళ్లతోని తలపడాల్నంటే ముందుగాల నీకు పేరు రావాలె."

"పేరెట్ల వస్తది మామా?"

"పెద్దోళ్లతోని తలపడితే వస్తది" అని గుర్వయ్య మీసాలు దువ్వుకుంటూ వెళ్లిపోయేవాడు.

ఇంతకన్నా కొమురన్నను కుంగదీసింది ఇంకోటి ఉంది. "చిన్నోళ్లను చూసి కొడతడు, అసలైనోళ్ల జోలికే పోడు" అని కుర్ర గొర్రెలు అనుకోవడం మొదలుపెట్టాయి. అతని మందలోని పిల్లలేమో బురదనీళ్లు తాగి కడుపునొప్పితో మూలిగేవి. గెలుపులన్నీ తనవే, ఫలమేమో ఇంకెవరిదో. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక కొమురన్న మేత మానేసి నిలబడేవాడు. ముసలి మేక ఎల్లవ్వ పక్కన చేరి, "తిను బిడ్డా. నువ్వేందో నాకెర్క" అనేది. అదొక్కటే ఊరట.

ఒకరోజు చెలమ గట్టు విరిగి ఒక గొర్రెపిల్ల బురదలో కూరుకుపోయింది. కొమురన్న దిగి, దాన్ని తలతో పైకి నెట్టాడు. పిల్ల బతికింది గానీ రాళ్ల మధ్య ఇరుక్కుని కొమురన్న వెనక కాలు మెలిపడింది. పొద్దుగూకే వేళకు అతను కుంటుతున్నాడు. గుర్వయ్య అది చూశాడు. చూశాక అతని కాలు నేల మీద నిలవలేదు, రెండు మందలకూ పరుగు తీశాడు.

తెల్లవారేసరికి సాంబడూ రాజలింగూ ఇద్దరూ చెలమ దగ్గర నిలబడి ఉన్నారు. కొమ్ము నొప్పి లేదు, సిగ్గు లేదు.

"ఏం కొమురన్నా, పోటీ కావాలంటివి గద! రేపు పొద్దుగాల మేం సిద్ధం" అన్నాడు రాజలింగు.

ఎల్లవ్వకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు కనబడని మొగోళ్లు, కాలు మడతపడ్డ తెల్లారే వచ్చిండ్రా? వద్దు బిడ్డా, మానినంక చూద్దాం."

"కాలు మానితే వీళ్లు మళ్ల రారు అవ్వా" అన్నాడు కొమురన్న నెమ్మదిగా. ఆ తర్వాత నక్క వైపు తిరిగాడు. "మామా, నేను ఒప్పుకుంటున్న. కాకపోతే పోటీ నియమమేందో మూడు మందల ముందర నీ నోటితోని చెప్పు."

కుంటివాడు రేపు సాకు చెప్పకుండా కట్టిపడేయవచ్చని గుర్వయ్యకు సంబరం కలిగింది. బండెక్కి గొంతు సవరించుకున్నాడు. "అందరూ వినుండ్రి! నొప్పులు చెల్లవు, సాకులు చెల్లవు. పిలిస్తే బరిలకు రానోడు ఓడిపోయినట్టే. నా మాటకు తిరుగులేదు!"

మర్నాడు వాగు ఇసుకలో మందలు గుండ్రంగా నిలబడ్డాయి. సాంబడు తెల్లగా, బలంగా, చూడముచ్చటగా ఉన్నాడు. అతను వెనక్కి వెనక్కి నడిచి దూరం తీసుకున్నాడు. కొమురన్న ఉరకలేడు. అందుకని గట్టు కింది పెద్ద బండకు నడుము ఆనించి, తల దించి, కదలకుండా నిలుచున్నాడు.

మొదటి దెబ్బకు కొమురన్న కళ్ల ముందు ఆకాశం తెల్లబడింది. కొమ్ము మొదట్లో నెత్తురు చిమ్మింది. 'ఇదా సాంబని బలం!' అనుకున్నాడు. నొప్పిలోనూ లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఇన్నేళ్లూ తను వెతికిన దెబ్బ ఇదే. అయితే ఒకటి గమనించాడు. తగలబోయే ముందు సాంబడు కళ్లు మూసుకున్నాడు.

సాంబడు మళ్లీ ఉరికి వచ్చాడు. కళ్లు మూశాడు. ఆ క్షణంలో కొమురన్న బండ ఆసరాతో మంచి కాలి మీద పైకి లేచి, ఒంటి బరువంతా తలలోకి తెచ్చుకుని కిందికి దిగాడు. గుట్టలు రెండూ ఆ చప్పుడును తిరిగి పలికాయి. సాంబడి ముంగాళ్లు మడుచుకుపోయాయి. లేవబోయాడు, లేవలేకపోయాడు. కొమురన్న రెండో దెబ్బ వేయలేదు. కుంటుకుంటూ వెళ్లి, మెడ కింద తల పెట్టి అతన్ని లేపి నిలబెట్టాడు.

సాంబడు మందల వైపు తిరిగి నోరు విప్పాడు. "నా కొమ్ము ఎన్నడూ నొయ్యలే. కొమురన్న ఉరికొచ్చేది గుట్ట మీదికెళ్లి చూసేటోణ్ని. చూసి దిగి రాకపోయేటోణ్ని. ఇయ్యాల గూడ, ఇతని కాలు బాగుంటే వచ్చేటోణ్ని కాదు."

"ఇగ రాజలింగు రావాలె!" అని అరిచింది ఎల్లవ్వ.

రాజలింగు ఏడి? అతను నిలబడ్డ చోట గిట్టల గుర్తులు పడమటి గుట్ట వైపు వెళ్తున్నాయి. తీర్పు చెప్పే బండ మీద గుర్వయ్య నీళ్లు నమిలాడు. "అంటే, వానికి తీరిక లేదేమో, ఇంకోరోజు..."

"సాకులు చెల్లవన్నది ఎవరు? తిరుగులేదన్నది ఏ నోరు?" ఎల్లవ్వ గడ్డం ఊపింది. మూడు మందలూ ఒక్కసారిగా బండ వైపు చూశాయి. గుర్వయ్య తోక కాళ్ల మధ్య పెట్టుకుని, "రాజలింగు ఓడిండు. మొనగాడు కొమురన్నే" అని గొణిగాడు. ఆ రోజు నుంచి అతని కోసం ఏ మందా సద్ది దాచలేదు.

కొమురన్న మంద మొదటిసారి తేట నీళ్లు తాగింది. పెద్ద గొర్రెల్ని ఆపి, మూడు మందల పిల్లల్నీ కొమురన్న ముందుగా దింపాడు. ఆ తర్వాత సాంబడి పక్కనే నిలబడి తాగుతూ అడిగాడు. "వచ్చే ఎండాకాలం నా కాలు మానుతది. వస్తవా అన్నా?"

సాంబడు నీళ్లలోంచి మూతి ఎత్తాడు. "ఓడిపోత గావచ్చు. అయినా వస్త" అన్నాడు.

మాట ప్రకారం వచ్చాడు. కళ్లు తెరిచే ఉరికాడు. పొద్దు నడినెత్తికొచ్చే దాకా కొట్లాడి, ఓడిపోయాడు. ఇప్పటికీ ఆ గుట్టల్లో గొర్రెలు తమ పిల్లలకు ఆ పోటీ గురించి చెబుతాయి. కొమురన్న పేరు చెప్పినప్పుడల్లా సాంబడి పేరు కూడా చెబుతాయి. రాజలింగు ఎవరని అడిగితే మాత్రం వాటికి గుర్తు రాదు.

నీతి: గొప్పవాడికి ఎదురు నిలిచి ఓడినవాడికి ఆ గొప్పలో పాలు దక్కుతుంది, తప్పించుకు తిరిగినవాడికి ఓటమి కూడా దక్కదు.