కొబ్బరిచిప్పలో బాలింత

కాకినాడలో జోగారావు గారి ముందుగదిలో ఒక గాజుతొట్టి. అందులో వేలెడంత కూడా లేని సిక్లిడ్ చేపలు కాపురాలు చేస్తుంటాయి. వాటిలో రకరకాలు పోగేయడం, పిల్లలు పెట్టించడం ఆయనకు పిచ్చి. పిచ్చి ఉన్నంత తెలివి లేదు, అదీ చిక్కు.

ఏ చేప నోట్లో పిల్ల కనబడినా "అమ్మో, మింగేస్తోంది!" అని వలతో తోడి వరండా బకెట్లో పడేసేవారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు, ఈ తల్లులూ నోట కరుచుకునే పిల్లల్ని చోటు మారుస్తాయని ఆ మహానుభావుడికి తెలియదు.

తొట్టిలో బోర్లించిన ఒక కొబ్బరిచిప్ప కింద పసుపక్క అనే చేపకి పిల్లలు పుట్టారు. ఈ జాతి ఆడది తల్లయితే ఒళ్లంతా పసుపు రాసుకున్న బాలింతలా మారిపోతుంది. మొగుణ్ణి కూడా గడప తొక్కనివ్వదు.

ఆ పొద్దున అదే తొట్టిలో ఉండే జెల్లచేప మామ మీసాలు ఊపుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, ఇవాళ తొట్టి కడుగుతారట. చిప్ప లేపేస్తారు. పిల్లల్ని నాచు చాటుకి మార్చేసుకో, త్వరగా!"

పసుపక్క వెంటనే ఒక పిల్లని నోట కరుచుకుని బయటికి తొంగిచూసింది. అద్దం అవతల జోగారావు గారు కాఫీ తాగుతున్నారు, ఒళ్లో వల! గబుక్కున వెనక్కి తగ్గింది. మొన్న పక్కచిప్ప చిట్టెమ్మకి ఈ మామే ఇదే సలహా చెప్పాడు. చిట్టెమ్మ బకెట్లోకి పోయింది, పిల్లలు మామ పొట్టలోకి పోయారు.

ఆ తల్లికి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు తియ్యగా చేసుకుంది.

"మామా, నా ఒక్కదానివల్ల ఎక్కడవుతుంది? ఆ మూలనున్న గుడ్లు నువ్వు మోసి పుణ్యం కట్టుకో."

"నాకెందుకమ్మా ఈ శ్రమ... సరేలే, ఆడకూతురివి, నోరు తెరిచి అడిగావు!"

అవి పిల్లలు కాకుండానే తెల్లబడి కుళ్లిపోయిన గుడ్లు. ఆత్రంలో మామకి రంగు కనబడితేగా! నోటినిండా కుక్కుకున్నాడు. జిగురు గుడ్లు మీసాలకి కూడా అంటుకున్నాయి. అదను చూసి పసుపక్క వెనకనుంచి ఒక్క పోటు పొడిచింది. మామ వెళ్లి అద్దానికి గుద్దుకున్నాడు, సరిగ్గా జోగారావు గారి ముక్కు ఎదుట.

"ఓరి నీ మీసాలు తగలెయ్య! దొంగవి నువ్వా?"

వల దిగింది. నోరు నిండిన మామ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా పైకి పోయాడు.

"మింగేవు మామా, జాగ్రత్త!" అని కిందనుంచి కేకేసింది పసుపక్క. "పాడు గుడ్లు, పొట్ట చెడుతుంది!"

నీతి: సలహా చెప్పేవాడి నోటికంటే ముందు వాడి పొట్ట చూడాలి.