మంత్రిగారి ఒడిలో ల్యాప్‌టాప్

"కంప్యూటర్లు బాగుచేయడంలో ఈ రాజ్యానికి నేనే మొదటివాణ్ణి! రెండోవాడు లేడు కనక," అని నవ్వేవాడు గవరయ్య.

ఒకనాడు మంత్రిగారు హుకుం జారీ చేశారు. "రాజుగారు పల్లకీలో ఒళ్లో పెట్టుకునే ల్యాప్‌టాప్‌కి డెస్క్‌టాప్‌ల పెద్ద ప్రాసెసరే వెయ్యాలి. ల్యాప్‌టాప్‌ల చిన్న ప్రాసెసర్ వేశావో, నీ కొట్టు మూయిస్తా!"

"పెద్దది బల్లమీద, ఫ్యాను గాలికి ఉండాల్సిందండీ. ఒళ్లో కాలుతుంది."

"నాకే చెబుతావుట్రా?"

గవరయ్య అదే బిగించి తెచ్చాడు. "రాజుగారి భోజనం ముందు రుచిచూసేది తమరే కదండీ! ఇదీ ముందు తమరి ఒళ్లోనే," అంటూ మంత్రిగారిని పల్లకీ ఎక్కించాడు.

వీధి మలుపైనా తిరక్కుండానే మంత్రిగారు కెవ్వుమని కిందికి దూకారు. "చిన్నదే వెయ్యరా నాయనా!"

మేడమీంచి చూస్తున్న రాజుగారు పగలబడి నవ్వారు. "ఇంతగా కాలుతుందని నీకెలా తెలుసోయ్?"

గవరయ్య తల గోక్కున్నాడు. "నిరుడు నేనూ ఇలాంటిదే ఒళ్లో పెట్టుకున్నాను ప్రభూ. వారం రోజులు పంచె కట్టలేకపోయాను."