రూయివా తీరాన వెలసిన సున్నపు మాత

పోర్చుగల్ దేశపు దక్షిణ తీరాన్ని అల్గార్వ్ అంటారు. ఒకప్పుడు ఈ సీమను అరబ్బులు ఏలారు. వారి భాషలో 'పడమర' అన్న మాటే మెల్లగా ఈ పేరయింది. ఏడాదిలో మూడువందల రోజులు ఎండ కాసే చోటు ఇది. బాదం, అత్తి తోటలు దాటి వెళ్తుంటే నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద సముద్రం, దాని అంచున బంగారు ఛాయ కొండచరియలు. ఆ చరియల మీదే రూయివా అనే చిన్న పల్లె ఉంది. బస్సు దిగిన యాత్రికులకు ముందు కాల్చిన సార్డీన్ చేపల వాసన ఎదురొస్తుంది, ఆ తర్వాతే గుడి కనబడుతుంది.

గుడిని చూసి కొత్తవారు ముక్కున వేలేసుకుంటారు. మూడు గోడలు మన్ను రంగులో ఉంటాయి, సముద్రం వైపు గోడ ఒక్కటే కళ్ళు చెదిరేంత తెలుపు. సున్నం చాలక మధ్యలో ఆపేశారనుకునే తొందరపాటు మనుషులూ లేకపోలేదు. లోపల కొలువైన మేరీమాత స్వరూపం మరీ వింత. ఆ తల్లి కొయ్య చేతులు మణికట్టు దాకా తెల్లగా ఉంటాయి.

పూర్వం ఇక్కడ బెల్మీరా అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త జెరోనిమో జాలరి. ఒక చలికాలంలో అతని పడవ తుఫానులో చిక్కి మూడు రోజులు కనబడకుండా పోయింది. బెల్మీరా తిండి మాని, "తల్లీ, నా మనిషిని ఒడ్డుకు చేర్చు, నీ గుడిని బంగారంలా మెరిపిస్తాను" అని మొక్కుకుంది. నాలుగో రోజు అతను రానే వచ్చాడు. ఇక ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు. బంగారం ఎక్కడిదని దిగులుపడే రకం కాదు బెల్మీరా. గుడి కింద కొండచరియ నుంచి పసిడి ఛాయ మన్ను తవ్వి, జల్లించి, నూరి, తెల్లని నాలుగు గోడలకూ తన చేత్తో పూసింది. పండుగనాడు ఊరు ఊరంతా మెచ్చుకుంది. అందరూ ఒడ్డున నిలబడి మెచ్చుకున్నవారే. పండుగకని పడవలన్నీ ఒడ్డునే ఉండటంతో సముద్రం మీద నుంచి చూసినవారు ఒక్కరూ లేరు.

ఆ రాత్రి బెల్మీరాకు కలలో మాత కనబడింది. ముఖం సముద్రం వైపు తిప్పుకుని ఉంది. "బిడ్డా, వాళ్ళకు నేను కనబడటం లేదు" అంది. బెల్మీరా ఆ మాటను తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. తెల్లవారుజామున వల భుజాన వేసుకుంటున్న భర్తను గుమ్మంలోనే నిలదీసింది.

"పూజకు రమ్మంటే చివరి బల్ల మీద కునుకు తీస్తావు. చూడు, నీలాంటివాళ్ళ కళ్ళకు కనబడక తల్లికి ఎంత కష్టం కలిగిందో!"

"వచ్చే ఆదివారం ముందు బల్ల మీదే కూర్చుంటాలేవే, సరేనా?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు జెరోనిమో. ఆరు పడవలు తెరచాపలెత్తి బయలుదేరాయి.

రూయివా రేవుకు ఎదురుగా నీళ్ళలో రెండు రాతి గట్లు దాగి ఉన్నాయి. వాటి నడుమ దారి రెండు పడవల వెడల్పే. తాతల నాటి నుంచీ జాలరులు గుడి తెల్లగోడను పడవ ముక్కుకు సూటిగా పెట్టుకుని ఆ దారిలో లోపలికి వచ్చేవారు. ఆ రోజు మధ్యాహ్నం వారు తిరిగి వచ్చేసరికి ఆగ్నేయపు గాలి లేచింది. తెల్లగోడ మాత్రం ఎక్కడా లేదు. కొండచరియ మన్ను కొండచరియలో కలిసిపోయింది. పడవలు దారి తప్పిన గొర్రెల్లా అటూ ఇటూ తిరగసాగాయి. ఒక పడవ గట్టుకు కొట్టుకుని పగిలింది. అందులోని వారిని పక్క పడవవారు అతి కష్టం మీద లాగి ఎక్కించుకున్నారు. ఆ పక్క పడవ జెరోనిమోదే. బరువెక్కి అంచులదాకా నీళ్ళలో దిగిపోయింది.

కొండ మీద నుంచి చూస్తున్న బెల్మీరాకు కల మాట అప్పుడు అర్థమైంది. ఆడవారు తమ నల్ల శాలువలు ఊపారు. అంత దూరానికి అవి ఎవరి కంటికీ ఆనలేదు. బెల్మీరా పరుగున వెళ్ళి, ఊరి ఇళ్ళకని గుంటలో నానుతున్న సున్నాన్ని బకెట్లతో తోడింది. కుంచెలు వెతికే వ్యవధి లేక చేతులతోనే గోడకు కొట్టింది. మిగిలినవారూ ఆమెతో చేయి కలిపారు. గోడంతా పూశారు. అయినా గోడ తెల్లబడలేదు! ఇంటికి సున్నం వేసినవారికి ఈ సంగతి తెలుసు. తడి సున్నం నీళ్ళలాగే ఉంటుంది, ఆరితేనే తెలుపు.

బెల్మీరా గోడ ముందు కూలబడి ఏడ్చింది. "తల్లీ, ఈ రంగు పూసింది నేను. శిక్ష నాకు వెయ్యి, వాళ్ళకు కాదు!"

అప్పుడు ఎండ గోడ మీదికి తిరిగింది. పడవలను గట్ల మీదికి తోస్తున్న గాలే గోడనూ తాకింది. పై అంచున ముందు ఒక తెల్లని చార మెరిసింది. అది కిందికి పాకి, కాసేపటికి గోడంతా వెలిగిపోయింది. సముద్రం మీద ఒక్కొక్క పడవే ముక్కు తిప్పింది. అందరికన్నా చివర జెరోనిమో పడవ ఒడ్డుకు తగిలింది. ఒక్క ప్రాణమూ పోలేదు.

అతను పైకి వచ్చి, సున్నానికి బొబ్బలెక్కిన భార్య చేతులను చూసి వాటిని మెల్లగా తన అరచేతుల్లోకి తీసుకున్నాడు. ఇద్దరూ కృతజ్ఞత చెప్పుకుందామని గుడిలోకి వెళ్ళారు. మాత చేతులు కూడా మణికట్టు దాకా సున్నంతో తడిసి ఉన్నాయి. లోపలికి అంతవరకు ఎవరూ వెళ్ళలేదు. నాటి నుంచి ఆమె సున్నపు మాత అయింది. మిగతా మూడు గోడలకూ సున్నం వేస్తామని ఊరివారు వస్తే బెల్మీరా ఒప్పుకోలేదు. "నా తప్పును కూడా ఉండనివ్వండి" అంది.

నేటికీ యాత్రికులు తెల్లగోడకు ఒక్క చేతి వెడల్పు సున్నం వేస్తారు. పూసినచోటు తెల్లబడేదాకా కదలకూడదన్నది నియమం. గుడి చూసుకునే ముసలామె "ఎవరి కోసం?" అని అడుగుతుంది. దూరాన ఉన్న తమవారి పేరొకటి చెప్పి నిలబడాలి. అలా వేచి ఉన్నవారి మనిషి క్షేమంగా ఇల్లు చేరుతాడని ఈ తీరమంతా నమ్ముతుంది. ఇప్పటి పడవల్లో దారి చూపే యంత్రాలున్నా, రేవులోకి వచ్చే జాలరి ఒకసారి తలెత్తి గోడను చూడక మానడు. ఆలస్యమవుతోందని టూరిస్టు బస్సుల డ్రైవర్లు తెగ విసుక్కుంటారు. కానీ గోడ ఆరేదాకా ఒక్కరూ హారన్ కొట్టరు. వారి కోసమూ ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు.