ఎండుచేపల అసిరమ్మ

అనగనగా అంటే నిన్నమొన్నటి మాట కాదు. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట. అప్పటికి సముద్రం ఇంకా అల్లంత దూరాన ఉండేదట. ఆ ఒడ్డున, ఇసక దిబ్బల మీద ఓ పల్లె ఉండేదట. మగవాళ్ళు వేటకెళ్ళేవారు. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేవారు.

ఒక ఏడు గాలివాన పట్టుకుంది. వేటకెళ్ళిన తెప్పలు తిరిగి రాలేదు. మొదట చెక్కలు ఒడ్డుకొచ్చాయి. తరవాత వలలు వచ్చాయి. ఆ తరవాత మనుషులు వచ్చారు, ప్రాణాలతో కాదు. పల్లెలో సగం ఇళ్ళకి మగదిక్కు లేకుండా పోయింది.

అలాంటి ఇళ్ళలో అసిరమ్మది ఒకటి. ఆమెకి ఒక్కతే కూతురు, పేరు నీలి.

మిగిలిన ముసలాళ్ళు ఒడ్డునే వల విసిరి చిన్నచేపలు తెచ్చేవారు. ఆడవాళ్ళు వాటిని ఎండబెట్టి, బండి కట్టుకొచ్చే షావుకారు దానయ్యకి ఇచ్చేవారు. దానయ్య చేపలు తీసుకుని కుంచంతో చోళ్ళు, అంటే రాగులు, కొలిచేవాడు. ఆ కుంచం అడుగున, గింజలు తక్కువ పట్టేలా లక్క పోసి ఉండేది. అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. సంత గెడ్డ అవతల, ఆ ఏటికి ఆవలి ఒడ్డున ఉంది. ఆడమనిషి పడవెక్కి గెడ్డ దాటి, సంతలో కూచుని అమ్మడం ఆ పల్లెలో లేదు.

వానలు పట్టాయి. ఎండ లేకపోతే చేప ఎండదు. చేప ఎండకపోతే చోళ్ళు లేవు. అప్పుడు దానయ్య వచ్చి, పిల్లల్ని తన పశువుల దగ్గర పనికి పంపమన్నాడు. పంపిన ఇంటికి బస్తా చోళ్ళు ఇస్తానన్నాడు. అక్కడైనా కడుపునిండా తింటుంది కదా అని అసిరమ్మ నీలిని పంపింది. బండెక్కేటప్పుడు ఆ పిల్ల ఏడవలేదట. ఎండలు కాయగానే వచ్చి తీసుకుపొమ్మని మాత్రం అందట.

ఎండలు కాశాయి. అసిరమ్మ వెళ్ళింది. పశువులశాలలో ఉన్న ముసలి పాలేరు ఆమెని పొలంగట్టు మీదికి తీసుకెళ్ళి, ఓ మట్టికుప్ప చూపించాడు. పిల్లకి జ్వరమొచ్చిందనీ, తల్లికి కబురు పెట్టమంటే బండి ఖాళీ లేదని షావుకారు అన్నాడనీ చెప్పాడు.

అసిరమ్మ ఆ మట్టి పక్కన కూచుంది. పొద్దు వాలేదాకా కూచుంది. తరవాత లేచి ఇంటికొచ్చింది. ఇంట్లో ఆ చోళ్ళు ఇంకా అడుగున మిగిలి ఉన్నాయి. తినలేకపోయింది. పారబొయ్యలేకపోయింది. అంబలి కాచి పక్కింటి పిల్లలకి పోసింది.

మర్నాడు తట్ట నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటింది.

మొదటిసారి ఎవరూ కొనలేదు. చేపల్లో ఇసక ఉందన్నారు. రెండోసారి తాటాకు చాపల మీద ఎండబెట్టి తీసుకెళ్ళింది. ఉప్పు చాలక దారిలోనే పురుగు పట్టింది. మూడోసారి ఉప్పు సరిగ్గా పట్టించింది, కొబ్బరిచిప్పతో అందరి ముందూ కొలిచి అమ్మింది. పొద్దు నడినెత్తికి రాకముందే తట్ట ఖాళీ అయింది. దానయ్య ఇచ్చేదానికి మూడింతల చోళ్ళు మూటగట్టుకుంది.

సంతోషపడిందా అంటే, లేదట. దారి పొడుగునా ఏడ్చిందట. ఈ దారి ఇక్కడే ఉంది, తను ముందే నడవలేదు.

ఆ పక్కింట్లో ఉండేది కొర్లమ్మ. ఆమె మొగుణ్ణీ సముద్రమే తీసుకుంది. మళ్ళీ వానలొస్తే పెద్దదాన్ని దానయ్య బండెక్కిద్దామని అనుకుంటోంది. అది తెలిసి అసిరమ్మ వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళింది.

"పిల్లని పంపకే. తట్ట తీసుకుని నాతో రా."

"సంతకా? నలుగురూ ఏటంటారప్పా?"

"నా నీలిని పంపిననాడు నలుగురూ ఏటీ అనలేదే."

కొర్లమ్మ తట్ట అందుకుంది. ఆమె వెనక ఇంకొకత్తి, ఆ వెనక ఇంకొకత్తి. అసిరమ్మ మెత్తని మనిషి కాదు. చేపల్లో ఇసక తగిలితే తట్టంతా బోర్లించేసేది. కొలతలో చెయ్యి జారితే సంతలోనే కసిరేది. ఏడ్చినా ఊరుకునేది కాదు. వాళ్ళ చేత రోజూ ఒకటే మాట చెప్పించేది:

"ఉప్పు చూసి వెయ్యి,
కొలత చూసి ఇయ్యి,
రేపటికో గుప్పెడు దాచెయ్యి."

మళ్ళీ వానలు పట్టాయి. దానయ్య బండి వచ్చింది. మొదటి వీధిలో ఆగింది, ఎవరూ రాలేదు. రెండో వీధిలో ఆగింది, ఎవరూ రాలేదు. మూడో వీధిలో అసిరమ్మ తన గుమ్మం ముందు నిలబడి ఉంది.

"ఎవరే నీకీ బుద్ధులు నేర్పింది?" అన్నాడు దానయ్య.

"నా కూతురు బాబూ. నీ పొలంగట్టునే ఉంది."

దానయ్య ఖాళీ బండి తోలుకుపోయాడు. పోయినవాడు ఊరికే ఉండలేదు. గెడ్డలో పడవ వేసేవాడిని పిలిచి, ఆ పల్లె ఆడవాళ్ళని ఎక్కించుకోవద్దన్నాడు. పడవవాడు ఆయన పొలం చేసుకుని బతికేవాడు. తలూపాడు.

ఇక వాళ్ళు నీళ్ళలో దిగి నడవాల్సి వచ్చింది. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, తట్టలు నెత్తిన పెట్టుకుని దాటేవారు. అసిరమ్మ అందరికన్నా వెనక నడిచేది. ఎవరి కాలు తడబడినా వెనక ఓ చెయ్యి ఉండాలనేది.

ఒక సంతరోజు పల్లెలో చినుకు లేదు. ఎగువన కొండల్లో మాత్రం కుంభవృష్టి. వాళ్ళు నడిమధ్యలో ఉండగా ఎర్రనీళ్ళు వచ్చిపడ్డాయి. ముందున్నవాళ్ళు ఎలాగో గట్టెక్కారు. కొర్లమ్మ కాలు జారి మునిగింది. అసిరమ్మ తన తట్ట వదిలేసి, రెండు చేతులా ఆమెని గట్టు వైపు తోసింది. పైనున్నవాళ్ళు జుట్టు పట్టి లాగారు. కొర్లమ్మ దగ్గి, కళ్ళు తుడుచుకుని వెనక్కి చూసింది. వెనక నీళ్ళే ఉన్నాయి.

గట్టు పొడుగునా పరిగెత్తి పిలిచారు. గెడ్డ సముద్రంలో కలిసేదాకా పిలుస్తూనే వెళ్ళారు. అక్కడ ఖాళీ తట్ట దొరికింది. మనిషి దొరకలేదు.

తరవాతి సంతరోజు ఎవరూ ఇల్లు కదలలేదు. ఎండిన చేపలు గుమ్మాల్లో ఉన్నాయి. దానయ్య బండి మళ్ళీ దిబ్బల మీదికి వచ్చింది. కొర్లమ్మ పెద్దకూతురు ఆ బండిని చూసి తల్లి వెనక దాక్కుంది. కొర్లమ్మ తట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని బండి పక్కనుంచే నడిచింది. ఒక్కొక్కరే తలుపులు తీసి ఆమె వెనక నడిచారు.

గెడ్డ దాటారు. అవతలి ఒడ్డున కొర్లమ్మ తట్ట దించి, వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. అందరూ పలికారు. ఆఖర్న "అసిరమ్మప్పా" అని పిలిచి, నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

దానయ్య ఏమయ్యాడో ఈ కథలో లేదు. ఆ పల్లె కూడా ఇప్పుడు లేదు, సముద్రం మింగేసింది. ఆ ఆడవాళ్ళ తరవాతి తరాలవాళ్ళు ఎగువకి జరిగి ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు గెడ్డ మీద వంతెన ఉంది. వాళ్ళు ఆటోల్లో సంతకెళ్తారు. అయినా వంతెన దాటగానే ఆటో ఆపిస్తారు. దిగి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. అందరూ పలికాక, ఆఖర్న అసిరమ్మని పిలుస్తారు. పలికేవారుండరు. కాసేపు ఆగి, మళ్ళీ ఆటో ఎక్కుతారు.