ఏనుగు మీద ఈగ

వెనకటికి ఒక రాజుగారికి పట్టపుటేనుగుతో పాటు ఒక కంప్యూటరు కూడా ఉండేది. అది నత్తనడక నడుస్తోందని ఆయన విసుక్కుంటే మంత్రి మార్తాండుడు వెంటనే కారణం తేల్చేశాడు.

"ప్రభూ, దీనికి సౌండు మదర్‌బోర్డులోనే ఉంది. లెక్కలు చేసే ప్రాసెసరే పాటలూ పాడాలంటే ఆయాసం రాదా? విడిగా సౌండ్ కార్డు కొనాలి. ఇది అమ్మిన చెంగమ్మను ఊళ్లోంచి వెళ్లగొట్టాలి."

చెంగమ్మను పిలిపించారు. ఆమె సౌండును పూర్తిగా ఆపేసి, "ఇప్పుడు నడపండి, మారాజా" అంది.

కంప్యూటరు మూగబోయింది గానీ నడక మారలేదు.

"సౌండు బరువు ఈగంత, మారాజా. ఏనుగు కదలకపోతే ఈగను తోలతామా, పైన ఎవరెక్కారో చూస్తామా?" అంటూ లోపల నడుస్తున్న ప్రోగ్రాములన్నీ తెర మీద పరిచింది. రాజుగారు ఏం చూస్తున్నారో, ఎవరికి ఏం రాస్తున్నారో మంత్రిగారింటికి మోసుకుపోయే ప్రోగ్రాములు బారులు తీరి ఉన్నాయి.

రాజు మంత్రి వైపు తిరిగాడు.

"మరి... కార్డు తెప్పించమంటారా, ప్రభూ?" అన్నాడు మార్తాండుడు నీళ్లు నములుతూ.

"అక్కర్లేదు. ముందు నువ్వు దిగు" అన్నాడు రాజు.