బాయిలర్ మీద వచ్చిన మెయిళ్లు

అద్దకం షెడ్డులో బాయిలర్‌కు పగులు వచ్చిందని నేతగాళ్లు తమ సహకార సంఘం మెయిల్ గ్రూపులో రోజూ రాస్తున్నారు. అధ్యక్షుడు చంద్రమౌళి మాత్రం "ఆ మెయిళ్లు నేను చూడలేదు" అని తప్పించుకుంటున్నాడు. చివరికి గ్రూపు నడిపే గుమాస్తా భాగ్యవతిని పిలిచాడు.

"ఇకనుంచి ఏ మెయిలైనా నేను ఒప్పుకుంటేనే అందరికీ వెళ్లాలి. ఇప్పుడే సెట్టింగు మార్చు. లేదంటే రేపట్నుంచి పనిలోకి రాకు."

ఆ అద్దకం షెడ్డులోనే భాగ్యవతి చెల్లెలు పనిచేస్తోంది. అయినా నెమ్మదిగా సెట్టింగులు తెరిచింది.

"మారుస్తానండి. ఇకమీదట బాయిలర్ గురించి ఎవరు రాసినా ముందు మీకే వస్తుంది. మీరు ఆపితే, ఆపింది మీరేనని గ్రూపు రికార్డులో ఉండిపోతుంది. రేపు అది పేలితే, చూడలేదని చెప్పే వీలు మీకు ఉండదు. 'సేవ్' నొక్కమంటారా?"

"ఆగు," అన్నాడు చంద్రమౌళి. షెడ్డుకు ఫోన్ చేశాడు.

"బాయిలర్ ఆపేసి, అందరినీ బయటికి పంపండి."